సన్ ఫిల్మ్ సొంతంగా వేసుకోవచ్చా, కార్ డెకార్ షాపుకే ఇవ్వాలా?

ప్రశ్న: హనుమకొండ ప్రయాణికుడు

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటూ కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వారానికి ఐదు రోజులు హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా నా కారులోనే వెళ్లి వస్తాను. ఉదయం వెళ్లేటప్పుడు తూర్పు ఎండ నా కుడి భుజం వెనుక నుంచి పడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పడమటి ఎండ కూడా సరిగ్గా అదే కుడి వైపు పడుతుంది. రెండు వేసవులు గడిచేసరికి నా కుడి ముంజేయి ఎడమ చేతికంటే స్పష్టంగా నల్లబడింది. ఏసీ ఎంత పెంచినా ఆ ఒక్క చేయి మాత్రం కాలుతూనే ఉంటుంది.

కారు 2015 మోడల్, పోయిన దసరాకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత యజమాని వెనుక డోర్ల అద్దాలకూ, వెనుక పెద్ద అద్దానికీ ఎప్పుడో వేయించిన ఫిల్మ్ ఇప్పుడు ఊదా రంగుకు తిరిగి, అక్కడక్కడ బుడగలు లేచింది. ముందు డోర్ల అద్దాలకు ఏమీ లేదు. రాత్రి వెనుక నుంచి లారీ వస్తే దాని లైట్లు ఆ బుడగల్లో పగిలినట్టు కనిపించి, అది ఎంత దూరంలో ఉందో అంచనాకు అందడం లేదు.

ఒక కార్ డెకార్ షాపులో అడిగితే పాత ఫిల్మ్ తీయడానికి 1,200, నాలుగు డోర్లకు మంచి ఫిల్మ్ వేయడానికి 6,500 రూపాయలు చెప్పారు. మామూలు ఫిల్మ్ అయితే 2,800కే వేస్తామన్నారు. ఆన్‌లైన్‌లో ఫిల్మ్ రోలు, రుద్దే పట్టీ, బ్లేడు కలిపి 900కు దొరుకుతున్నాయి. ఇంట్లో వైరింగు, నల్లాల మరమ్మతు నేనే చేసుకుంటాను కాబట్టి చేతిపని అంటే భయం లేదు. కానీ దీన్ని చెడగొట్టుకుంటే రోజూ కళ్లముందే ఉంటుందన్న ఆలోచన వెనక్కి లాగుతోంది. సొంతంగా చేసినవారు, షాపులో పనిచేసేవారు, చట్టం తెలిసినవారు దయచేసి చెప్పండి. ఏ అద్దం నేను చేసుకోగలను, ఏది చేయకూడదు?

జవాబు 1: కరీంనగర్ నుంచి, రెండు కార్లకు సొంతంగా వేసినవాడు

అన్నా, నేను మొదటి కారుకు వేసింది నెల రోజుల్లో పీకేశాను. రెండో కారుకు వేసింది నాలుగేళ్లుగా నిలిచి ఉంది. ఈ రెండింటి మధ్య తేడా చేతి నైపుణ్యంలో కంటే ఓపికలోనూ, శుభ్రతలోనూ ఉందని నా అనుభవం.

మొదటిసారి ఇంటి ముందు వేపచెట్టు కింద, మధ్యాహ్నం పూట, గాలి వీస్తుండగా పని మొదలుపెట్టాను. ఫిల్మ్ వెనుక పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. దాన్ని ఊడదీసిన క్షణంలోనే జిగురు వైపు స్థిర విద్యుత్తు పుట్టి, చుట్టూ ఉన్న దుమ్మునంతా అయస్కాంతంలా లాగేసుకుంటుంది. అద్దానికి అతికించి నీళ్లన్నీ బయటికి రుద్దిన తరువాత దగ్గరికి వెళ్లి చూస్తే, ఆవగింజలో సగం కూడా లేని రేణువు చుట్టూ మిరియపు గింజంత గుండ్రటి బుడగ కనిపించింది. అలాంటివి ఒక్క అద్దంలోనే ఇరవైకి పైగా లెక్కపెట్టాను. నీటి బుడగ అయితే వేలితో నొక్కితే కదులుతుంది, కొన్ని రోజుల్లో ఆరిపోతుంది. దుమ్ము బుడగ కదలదు, ఎప్పటికీ పోదు.

రెండోసారి రాత్రి వాన పడిన మరునాడు తెల్లవారుజామున, షట్టరు ఉన్న గదిలో, నేలంతా నీళ్లు చల్లి, ఫ్యాను ఆపి చేశాను. నూలు చొక్కా దారపు పోగులు రాలుస్తుంది కాబట్టి అది కూడా మార్చుకున్నాను. అద్దాన్ని మూడుసార్లు కడిగాను. అద్దం కిందికి దిగే చోట ఉండే రబ్బరు పట్టీలో పేరుకున్న దుమ్ము ప్రత్యేకంగా చెప్పుకోవలసిన విషయం. మన రోడ్డు విస్తరణ పనుల ఎర్రమట్టి అంతా అక్కడే దాక్కుని ఉంటుంది. ఫిల్మ్ అడుగు అంచును ఆ పట్టీలోకి దోపగానే నీళ్లతో పాటు బయటికి వచ్చి జిగురుకు అంటుకుంటుంది. పాత పెయింటు బ్రష్షుతో, సబ్బు నీళ్లతో ఆ సందును కడిగి, కడిగిన నీళ్లు తెల్లగా వచ్చేదాకా వదలకండి.

నీళ్ల విషయంలో కూడా ఒక మాట. మా బోరు నీళ్లతో చేస్తే ఆరిన తరువాత అంచుల దగ్గర తెల్లటి ఉప్పు చారలు మిగిలాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో పిల్లల షాంపూ కొన్ని చుక్కలు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే ఆ బెడద ఉండదు. స్ప్రే చేసేటప్పుడు డోర్ మీద ఉన్న పవర్ విండో స్విచ్చులను మందపాటి తువ్వాలుతో కప్పడం మరచిపోవద్దు.

కొలత ఎలా తీసుకోవాలంటే, అద్దం బయటి వైపు తడిపి, తీయవలసిన పొర మీవైపు ఉండేలా ఫిల్మ్ పరచి, అక్కడే ఆకారం కోయాలి. అడుగున రెండు వేళ్ల వెడల్పు అదనంగా ఉంచాలి. అద్దాన్ని కొద్దిగా దించితే పై అంచు పూర్తిగా బయటపడుతుంది. ఆ అంచు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా కోస్తే అద్దం ఎక్కి దిగేటప్పుడు ఫిల్మ్ ఒరుసుకుని లేవదు. పొర విడదీయడానికి మూలన రెండు వైపులా చిన్న సెల్లోటేపు ముక్కలు అంటించి, రెండింటినీ ఎదురెదురుగా లాగాలి. గోరుతో గీకితే ఆ మూల మడతపడుతుంది, ఆ మడత ఇక పోదు. లోపలి వైపు పై భాగం ముందుగా అతికించి, అద్దం పైకి లేపి, తరువాత అడుగు భాగం దోపండి. రుద్దడం మధ్య నుంచి అంచులకు సాగాలి.

ఒక్కో అద్దానికి నాకు గంటన్నర పట్టింది. డోర్ల అద్దాలు దాదాపు చదునుగా ఉంటాయి కాబట్టి మీరు చేయగలరనే నమ్ముతున్నాను. వెనుక పెద్ద అద్దం మాత్రం నేను ముట్టుకోలేదు. అది రెండు దిక్కులా వంపు తిరిగి ఉంటుంది, ఫిల్మ్‌ను హీట్ గన్‌తో కుదించి ఆ వంపుకు తేవాలి. వేడి ఎక్కువైతే ఫిల్మ్ ముడుచుకుపోతుంది, ఒకేచోట మరీ ఎక్కువైతే అద్దమే పగలవచ్చు.

జవాబు 2: వరంగల్ న్యాయవాది

సోదరా, షాపా సొంతమా అని తేల్చుకునే ముందు ఎంత శాతం వెలుతురును వదిలే ఫిల్మ్ వేయవచ్చో తేల్చుకోవడం అవసరం. ఎందుకంటే ఆ లెక్క చేశాక మీ ప్రశ్నలో సగం దానంతటదే తీరిపోతుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ప్రకారం ముందు అద్దం, వెనుక అద్దం కనీసం 70 శాతం వెలుతురును, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును లోపలికి వదలాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, ఎంత శాతానిదైనా సరే, అద్దాలకు నల్ల ఫిల్మ్‌గానీ మరే ఇతర పదార్థంగానీ అతికించకూడదని తీర్పు చెప్పింది. తరువాత నియమాన్నే సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి సేఫ్టీ గ్లాస్ (పగిలినా పెద్దగా గాయపరచని అద్దం)తో పాటు సేఫ్టీ గ్లేజింగ్‌ను కూడా అనుమతించారు. ఇందులో అద్దం లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉండే రకం కూడా ఉంది. ఈ సవరణ ఆధారంగానే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 శాతాలకు తగ్గనంత వరకు ఫిల్మ్ ఉందన్న ఒక్క కారణంతో జరిమానా వేయరాదని చెప్పింది.

అయితే ఆ తీర్పు మన రాష్ట్రంలో వాదనకు బలమిస్తుందే తప్ప, ఇక్కడి అధికారులను నేరుగా బంధించదు. రోడ్డు మీద నిలబడిన ట్రాఫిక్ పోలీసు 2012 నాటి తీర్పునే గుర్తుంచుకుని ఫిల్మ్ పీకించవచ్చు, చలానా రాయవచ్చు. ఈ అవకాశం ఉందని తెలిసే మీరు డబ్బు పెట్టాలి. ఈ సంగతి చెప్పకుండా ఫిల్మ్ అమ్మడం సరికాదని నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్క చూడండి. చాలామంది 50 శాతం అని రాసి ఉన్న ఫిల్మ్ వేయించుకుని తాము నియమం లోపలే ఉన్నామనుకుంటారు. నియమం చూసేది ఫిల్మ్‌ను కాదు, అద్దమూ ఫిల్మూ కలిసి వదిలే వెలుతురును. కంపెనీ నుంచి వచ్చిన లేత ఆకుపచ్చ అద్దమే 75 శాతం వదులుతోందనుకుందాం. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 37.5 శాతమే. 60 శాతం ఫిల్మ్ వేసినా 45 దగ్గర ఆగిపోతుంది. 70 శాతం ఫిల్మ్ వేస్తేనే 52.5 వస్తుంది. అదే అద్దం వెనుక వైపు ఉంటే, 90 శాతం వదిలే పూర్తి తెల్ల ఫిల్మ్ వేసినా 67.5కు పడిపోయి 70 దాటదు. కాబట్టి మీ వెనుక పెద్ద అద్దానికి కొత్త ఫిల్మ్ వేసే ఆలోచన మానుకోండి. పాతది మాత్రం తప్పక తీసివేయండి.

జవాబు 3: హనుమకొండ కార్ డెకార్ షాపు పనివాడు

సార్, నేను 14 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. వకీలు సారు చెప్పిన లెక్క నిజం. షాపుకు వచ్చేవారికి నేను ఈ లెక్క చెబితే సగం మంది వేరే షాపుకు వెళ్లిపోతారు. అయినా చెప్పడం మానను, ఎందుకంటే పోలీసులు పీకించిన ఫిల్మ్‌కు తిట్లు చివరికి నాకే వస్తాయి.

మీరు ముందుగా ఒక విషయం అర్థం చేసుకోవాలి. నలుపుకూ చల్లదనానికీ సంబంధం మనం అనుకున్నంత లేదు. ఎండలో కంటికి కనిపించే వెలుతురు సగం కంటే కొంచెం తక్కువ, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వేడి సగం కంటే కొంచెం ఎక్కువ, అతినీలలోహిత కిరణాలు కొద్ది శాతం ఉంటాయి. రంగు అద్దిన చౌక ఫిల్మ్ ప్రధానంగా వెలుతురునే ఆపుతుంది. ఆపిన దాన్ని తనలో పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికే వదులుతుంది. అందుకే అది చల్లగా అనిపించాలంటే బాగా నల్లగా ఉండాలి. నల్లగా వేసే వీలు నియమంలో లేనప్పుడు, 70 శాతం వదిలే చౌక ఫిల్మ్ వేసుకుంటే మీ చేతికి దక్కే చల్లదనం చాలా స్వల్పం. సిరామిక్ ఫిల్మ్ (పింగాణి లాంటి పదార్థపు అతిసన్నటి రేణువులు కలిపినది) చూపుకు దాదాపు తెల్లగా ఉండి కూడా ఇన్‌ఫ్రారెడ్ వేడిలో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది. మీ చేయి కాలేది ప్రధానంగా ఆ వేడితోనే.

అంటే 900 రూపాయల రోలుతో మీరు ఎంత బాగా పని చేసినా, పని బాగుంటుంది కానీ ఫలితం ఉండదు. పైగా చౌక రంగు ఫిల్మ్ మీ వెనుక అద్దంలాగే కొన్నేళ్లకు ఊదాగా మారుతుంది. అందులో నల్ల రంగు కోసం కలిపే రంగుల్లో కొన్ని ఎండకు ముందే వెలిసిపోయి, మిగిలినవి ఊదాగా కనిపిస్తాయి. డబ్బు ఆదా చేయదలిస్తే మజూరీలో చేయండి, ఫిల్మ్‌లో చేయవద్దు. నాలుగు డోర్లకు సరిపడా సిరామిక్ ముక్క మీరే కొనుక్కుని సొంతంగా వేసుకున్నా నేను తప్పు పట్టను. కానీ ఆ ఫిల్మ్ మందంగా, బిరుసుగా ఉంటుంది, ఒక ముక్క చెడితే 900 కాదు, అంతకు రెండింతలు పోతుంది. మొదటిసారి చేసేవారు కనీసం ఒక ముక్క చెడగొడతారు. ఆ లెక్క కూడా కలిపి చూసుకోండి.

లోహపు పూత ఉన్న ఫిల్మ్ వద్దు. ముందు అద్దానికి అలాంటిది వేసిన బండి ఒకటి బీబీనగర్ దగ్గరి గూడూరు టోల్ గేటులో ఫాస్టాగ్ పనిచేయక ఆగిపోయి, మరునాడు నా దగ్గరికే తీయించుకోవడానికి వచ్చింది. ఫాస్టాగ్‌ను చదివేది రేడియో తరంగాలతో, లోహపు పొర వాటిని అడ్డుకుంటుంది.

ఇక పాత ఫిల్మ్ తీయడం గురించి. వేయడం కంటే తీయడంలోనే బండ్లు ఎక్కువగా చెడుతాయి. వెనుక పెద్ద అద్దం లోపలి వైపు సన్నటి గోధుమ రంగు అడ్డగీతలు ఉన్నాయో లేదో చూడండి. అవి మంచు పట్టినప్పుడు అద్దాన్ని వేడిచేసే డీఫాగర్ గీతలు. అవి అద్దం లోపల ఉండవు, పైన అచ్చు వేసి ఉంటాయి. బ్లేడు ఒక్కసారి అడ్డంగా జారినా గీత తెగుతుంది. వానాకాలంలో అద్దం మసకబారినప్పుడు ఆ గీత మేరకు మసక పోదు. మేము ఆవిరి యంత్రంతో తీస్తాం. మీ దగ్గర అది లేకపోయినా మన ఎండ ఉంది. వెనుక అద్దం ఎండకు ఎదురుగా ఉండేలా బండి నిలిపి, బయటి వైపు నల్ల పాలిథిన్ కవరు అంటించి గంటసేపు వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది. తరువాత లోపల మూలన లేపి, గీతలు సాగిన దిక్కుకే, అద్దానికి దగ్గరగా మడిచిపట్టి, చాలా నెమ్మదిగా లాగండి. గట్టిగా గుంజితే ఫిల్మ్ వచ్చేసి జిగురు మిగిలిపోతుంది. మిగిలిన జిగురును సబ్బు నీళ్లలో తడిపి, ప్లాస్టిక్ కార్డుతో మాత్రమే తీయండి. ఎంత విసుగొచ్చినా బ్లేడు పట్టవద్దు.

జవాబు 4: మంచిర్యాల నుంచి, అధ్యాపకురాలు

అన్నగారూ, నేను చెప్పేది చిన్న విషయమే, కానీ ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. మీరు సాయంత్రం తిరిగి వచ్చేసరికి చీకటి పడే రోజులు కూడా ఉంటాయి. మా వైపులాగే మీ దారిలో కూడా కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు, గ్రానైటు లారీలు ఎప్పుడూ ఉండేవే. పక్కన ఉండే సైడ్ మిర్రర్ చూడాలంటే ముందు డోరు అద్దంలో నుంచే చూడాలి కదా. మా కారుకు ముందు డోర్లకు కూడా ముదురు ఫిల్మ్ ఉండేది. ఒక రాత్రి ఇందారం దాటాక ఎడమకు జరుగుతూ ఆ మిర్రర్‌లో చూస్తే ఏమీ కనిపించలేదు. పక్కనే లైటు లేని మోటారు సైకిలు మీద ఇద్దరున్నారు. వాళ్లు అరవబట్టి ఆగగలిగాను. మరునాడే మా వారు, నేను కూర్చుని ఆ రెండు డోర్ల ఫిల్మ్ తీసేశాం. ఇప్పటికీ ఆ అరుపు గుర్తుకొస్తే గుండె దడదడలాడుతుంది. ఎవరి చేత వేయించినా సరే, ముందు డోర్లకు తెల్లటి ఫిల్మ్ మాత్రమే వేయండి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. షాపు సోదరునికి ఒక ప్రశ్న. నా అద్దం ఎంత శాతం వదులుతోందో నాకు ఎలా తెలుస్తుంది? వకీలు గారు 75 అని ఉదాహరణకు తీసుకున్నారు, నాది 70 అయితే లెక్క మారిపోతుంది కదా.

హనుమకొండ కార్ డెకార్ షాపు పనివాడు

మారుతుంది సార్. 70 అద్దానికి 70 ఫిల్మ్ వేస్తే 49 వస్తుంది, నియమానికి ఒక్క శాతం తక్కువ. వెలుతురు కొలిచే మీటరు చాలా షాపుల్లో ఉంటుంది. ఫిల్మ్ లేని ముందు డోరు అద్దాన్ని రెండు వైపుల నుంచి మీటరుతో పట్టి చూస్తే అంకె చెబుతుంది, రెండు నిమిషాల పని. ఫిల్మ్ వేయించుకోకపోయినా కొలిపించుకోవచ్చు. ఫిల్మ్ డబ్బా మీద శాతం రాసి ఉన్న కాగితం, బిల్లు బండిలోనే పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత

ఎవరికైనా ఉపయోగపడుతుందని జరిగింది రాస్తున్నాను. మీటరుతో కొలిపిస్తే నా డోరు అద్దం 77 వదులుతోందని తేలింది. 70 శాతం సిరామిక్ ఫిల్మ్ వేస్తే దాదాపు 54 అవుతుంది కాబట్టి ఆ అంకెకే నిలిచాను.

వెనుక పెద్ద అద్దం పాత ఫిల్మ్ నేనే తీశాను. ఆదివారం మధ్యాహ్నం నల్ల కవరు అంటించి గంటంబావు ఎండలో ఉంచాక, ఫిల్మ్ మూడు వంతులు ఒకే ముక్కగా అరటి తొక్కలా ఊడి వచ్చింది. కుడి మూలలో మాత్రం జిగురు మిగిలింది. ఆ జానెడు జాగాను ప్లాస్టిక్ కార్డుతో తీయడానికి మిగతా అద్దమంతటికంటే ఎక్కువ సమయం, రెండున్నర గంటలు పట్టింది. చేతిలో బ్లేడు ఉంది, చాలాసార్లు దాని వైపు చూశాను, కానీ వాడలేదు. సాయంత్రం డీఫాగర్ వేసి అద్దం మీద నోటితో ఆవిరి ఊది చూశాను, అన్ని గీతలూ ఒకేలా మసకను విడిపించాయి.

ఫిల్మ్ వేయడం మాత్రం షాపులోనే చేయించాను. ఒక ముక్క చెడితే పోయే డబ్బూ, మా అపార్టుమెంటు సెల్లారులో ఆగని దుమ్మూ లెక్కవేసుకుంటే మజూరీ పెద్ద భారంగా అనిపించలేదు. పని జరుగుతున్నంతసేపు పక్కనే నిలబడి చూశాను. వాళ్లు కూడా కరీంనగర్ అన్న చెప్పినట్టే అడుగున ఉన్న రబ్బరు పట్టీని అన్నిటికంటే ఎక్కువసేపు కడిగారు. నాలుగు రోజులు అద్దాలు దించవద్దన్నారు, దించలేదు. మొదటి వారం లేత మసకగా, నీటి మరకల్లా కనిపించినవి పదో రోజుకు పూర్తిగా పోయాయి. ఎడమ వెనుక డోరులో ఒక్క దుమ్ము బుడగ ఉంది, దాన్ని అలాగే ఉంచమన్నాను.

కుడి చేతి మంట పూర్తిగా పోలేదు కానీ, ఏసీ గాలి ఇప్పుడు ఆ చేతికి తెలుస్తోంది. రాత్రి సైడ్ మిర్రర్లు మునుపటిలాగే స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఫిల్మ్ లేని వెనుక అద్దంలో నుంచి నిన్న ఎల్కతుర్తి దగ్గర నా వెనుక వచ్చిన గ్రానైటు లారీ రెండు లైట్లూ విడివిడిగా, ఎంత దూరంలో ఉన్నాయో తెలిసేలా కనిపించాయి.